నేరు ఓటు, మెట్ల ఓటు : ఏది న్యాయము?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువది ఐదేండ్లు ఒక పల్లెలో గ్రంథాలయపు తలుపులు మూతపడకుండ నడుపుట ఎంత కష్టమో నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పినారు. ఆ మాటలే మరల చెప్పి మీ సమయము తీసుకొనను. నాకప్పగించిన విషయము ఎన్నికల న్యాయము. దీనిని నేను ఏరుకొనలేదు. మన పఠన మందిరములో పత్రికలు చదువువారే ఏరి యిచ్చినారు. అమెరికా దేశములో ఎక్కువమంది ఓటు వేసినవారు ఓడిపోయి, తక్కువమంది ఓటు వేసినవారు అధ్యక్షులగుట జరిగినదట, అది యెట్టి న్యాయము, అట్టిది మనకును ఉన్నదా అని వారి ప్రశ్న. మంచి ప్రశ్న. అయితే దీనికి జవాబు వెదకుటకు సముద్రములు దాటి పోనక్కరలేదు. మొదట మన పంచాయతీ కచేరి మెట్లెక్కి చూతము, తరువాత అమెరికా పోదము.

గ్రామపంచాయతీ ఎన్నిక దినమున మీలో ప్రతివారును రెండు ఓట్లు వేయుచున్నారు. ఒకటి సర్పంచికి, రెండవది మీ వార్డు సభ్యునికి. సర్పంచిని ఊరంతయు కలిసి నేరుగా ఎన్నుకొనుచున్నది. ఉపసర్పంచి మాట అట్లు కాదు. ఆతనిని గెలిచిన వార్డు సభ్యులు తమలో నుండి ఎన్నుకొందురు. ఆ యెన్నికలో మీకు ఓటు లేదు. ఒకే ఊరు, ఒకే దినము, రెండు పద్ధతులు. అంతటితో ఆగలేదు. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పంచాయతీ సొమ్ము తీయుటకు సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరును చెక్కుపై సంతకము చేయవలెనని విధించినది. అనగా ఊరందరి ఓటుతో వచ్చినవాని సంతకము ప్రక్కన పదిమంది సభ్యుల ఓటుతో వచ్చినవాని సంతకము ఉండవలెను. ఇద్దరికి పొసగిన ఊళ్లలో ఇది మంచి కట్టుబాటే. పొసగని ఊళ్లలో మోరీ తీయించిన కూలీలకు డబ్బు రాక చెక్కు పుస్తకము బీరువాలో నిద్రపోవును. ఎవరిది ప్రజల తీర్పు అని అడిగితే ఇద్దరును తమదే అందురు.

మన ముసలివారికి మరియొక కాలము జ్ఞాపకముండును. 1964వ సంవత్సరపు గ్రామపంచాయతీ చట్టము వచ్చినపుడు సర్పంచిని సైతము వార్డు సభ్యులే ఎన్నుకొనువారు. అంతకు ముందు 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. మన సిద్దిపేట అప్పుడు మెదకు జిల్లాలో ఒక తాలూకా. సర్పంచులు సమితిలో సభ్యులు. వారు కూడి సమితి అధ్యక్షుని ఎన్నుకొందురు. సమితి అధ్యక్షులు, శాసనసభ్యులు మొదలైనవారు కూడి జిల్లా పరిషత్తు చైర్మనును ఎన్నుకొందురు. మెట్లు లెక్కపెట్టుడు. ఓటరు వార్డు సభ్యుని, వార్డు సభ్యుడు సర్పంచిని, సర్పంచి సమితి అధ్యక్షుని, సమితి అధ్యక్షుడు చైర్మనును. మడిలో దున్నుకొను మనిషి వేసిన ఓటు నాలుగు చేతులు మారి జిల్లా కేంద్రమునకు చేరవలెను. బావి నుండి నాలుగు మళ్లు దాటి పారిన నీరు కడపటి మడికి ఎంత చేరునో సేద్యము చేయువారికి నేను చెప్పనక్కరలేదు.

నీరు ఇంకిపోవుట ఒక దోషము. అంతకంటె పెద్ద దోషము ఇంకొకటి ఉన్నది. అది ఏ మనిషి దుర్బుద్ధి వలనను కలుగునది కాదు, లెక్కలోనే ఉన్నది. దయచేసి ఈ చిన్న లెక్కను వేళ్ల మీద నాతోపాటు వేయుడు.

ఒక ఊరున్నదనుకొందము. ఐదు వార్డులు, వార్డుకు నూరు ఓట్లు, మొత్తము ఐదు వందలు. ఊరిలో రెండు పక్షములు. మొదటి పక్షమువారు మూడు వార్డులలో 51 ఓట్లు చొప్పున తెచ్చుకొని గెలిచినారు. మిగిలిన రెండు వార్డులలో వారికి 10 చొప్పున మాత్రమే వచ్చినవి. వారికి వచ్చిన ఓట్లన్నియు కూడితే 153, 20, మొత్తము 173. రెండవ పక్షమువారు మూడు వార్డులలో 49 చొప్పున తెచ్చుకొని ఓడినారు, రెండు వార్డులలో 90 చొప్పున తెచ్చుకొని గెలిచినారు. వారి మొత్తము 147, 180, అనగా 327. ఐదు వందలలో 327 మంది కోరినవారి పక్షమునకు ఇద్దరు సభ్యులు, 173 మంది కోరినవారి పక్షమునకు ముగ్గురు సభ్యులు. ఆ సభ్యులు కూడి సర్పంచిని ఎన్నుకొనిన, సర్పంచి ఎవడో మీరే చెప్పుడు. ఒక్క దొంగ ఓటు పడలేదు, ఒక్క రూపాయి చేతులు మారలేదు, ఎన్నికల అధికారి ధర్మరాజు వంటివాడు. అయినను ఊరిలో మూడింట రెండు వంతులమంది కాదన్నవాడు కుర్చీలో కూర్చున్నాడు.

వార్డుల గీతలు ఎవరు గీసినారు, ఏ వాడ ఏ వార్డులో కలిసినది అనునది ఎంత ముఖ్యమో దీనివలన తెలియును. ఓటరుల జాబితా ముసాయిదాగా గోడకు అంటించినపుడు మనము చదువము. పోలింగు దినమున పేరు లేదని మాత్రము గొడవపడుదుము. ఇది పక్క మాట, పోనిండు.

ఈ దోషమును గుర్తించియే కావచ్చును, 1981 నాటి పంచాయతీ ఎన్నికల వేళకు సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకొను పద్ధతి మన రాష్ట్రములో నెలకొన్నది. తరువాత సమితులు పోయి మండలములు వచ్చినవి. 1987లో మండల ప్రజాపరిషత్తు అధ్యక్షులను, జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులను సైతము ప్రజలే నేరుగా ఎన్నుకొనిరి. జిల్లా అంతటికి ఒక మనిషి తిరిగి ఓటు అడుగవలసి వచ్చెను. అది పెద్ద పరీక్షయే. కాని ఆ పద్ధతి నిలువలేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ ఒక కట్టడి చేసినది. గ్రామపంచాయతీ పెద్దను ఎట్లు ఎన్నుకొనవలెనో రాష్ట్రములు నిర్ణయించుకొనవచ్చును. మండలము, జిల్లా అంతస్తులలో మాత్రము గెలిచిన సభ్యులే తమలో నుండి అధ్యక్షుని ఎన్నుకొనవలెను. 1994 చట్టము దానినే అనుసరించినది, 2018 చట్టమును అంతే. కనుక నేడు మనము ఎంపీటీసీ సభ్యునికి, జడ్పీటీసీ సభ్యునికి ఓటు వేయుదుము. ఎంపీపీని, జిల్లా పరిషత్తు చైర్మనును వారు ఎన్నుకొందురు.

దీని ఫలము ఏమి? ఎంపీపీ ఎన్నిక వచ్చినప్పుడెల్ల పత్రికలలో "క్యాంపు" అను మాట మీరు చదివియే యుందురు. ఇరుపక్షముల బలము సరిసమానముగా ఉన్నచోట గెలిచిన సభ్యులను బస్సులలో ఎక్కించుకొని దూరపు ఊళ్లకు, యాత్రాస్థలములకు తీసికొనిపోవుదురు. ఎన్నిక దినమున తిన్నగా సభామందిరమునకే తెత్తురు. నిన్నటి దాక మన వాకిట నిలిచి చేతులు జోడించిన మనిషి ఏ ఊరిలో ఉన్నాడో ఇంటివారికి సైతము తెలియదు. పదివేలమంది ఓటర్ల మనస్సు మరల్చుట ఎవరికిని సులభము కాదు. పది, పన్నెండుమంది సభ్యులలో ఇద్దరి మనస్సు మరల్చుట అంత కష్టము కాదు. మెట్ల ఎన్నికలోని అసలు ప్రమాదము ఇదియే అని నా అభిప్రాయము. ఎన్నుకొనువారు ఎంత కొద్దిమంది అయితే బేరము అంత చవుక.

మరియొక చిక్కును కూడ చెప్పవలెను. అధ్యక్ష పదవి ఒక వర్గమువారికో, ఆ వర్గపు స్త్రీలకో రిజర్వు అయినపుడు గెలిచిన కొద్దిమంది సభ్యులలో అట్టివారు ఒక్కరే ఉండవచ్చును. ఆ ఒక్కరు ఏ పక్షములో ఉంటే పదవి ఆ పక్షమునకు పోవును. అధిక సంఖ్య గల పక్షము చూచుచు ఊరకుండవలెను. రిజర్వేషను తప్పని నేను అనను. తరతరములుగా పంచాయతీ గడప తొక్కనీయని వారికి కుర్చీ దొరికినది దానివలననే. నేరు ఎన్నిక అయితే ఆ వర్గపు వారు ఎందరైనను పోటీ చేయుదురు, ప్రజలు వారిలో మేలైనవారిని ఏరుకొందురు. మెట్ల ఎన్నికలో ఆ ఏరుకొను అవకాశమే ప్రజలకు లేకపోవుచున్నది.

ఇంతవరకు విని, ఈయన నేరు ఓటు పక్షమువాడని మీరు తీర్మానించి యుందురు. ఎదుటి వాదమును కూడ వినుడు, అది తేలికైనది కాదు. నేరుగా ఎన్నికైన అధ్యక్షుడు ఒక పక్షము, సభ్యులలో అధికులు ఇంకొక పక్షము అయినపుడు తీర్మానము ఒకటియు సాగదు. సభ్యులు ఎన్నుకొనిన అధ్యక్షునికి ఆ కష్టము తక్కువ. అతడు దారి తప్పితే అవిశ్వాస తీర్మానముతో దింపు మార్గము సభ్యుల చేతిలో ఉన్నది. జనమంతా ఎన్నుకొనిన సర్పంచిని వార్డు సభ్యులు ఆ విధముగా దింపలేరు. ఖర్చు మాట కూడ ఉన్నది. జిల్లా అంతటికి పోటీ చేయుటకు ఎంత ధనము కావలెను? ధనము లేని మంచివాడు తన చిన్న నియోజకవర్గములో గెలిచి, తోటి సభ్యుల మెప్పుతో అధ్యక్షుడగు వీలు మెట్ల పద్ధతిలోనే ఉన్నది. ఇక పెద్ద కులము ఒక్కటే సగమునకు మించిన ఊరిలో నేరు ఎన్నిక ఎప్పుడును ఆ కులమునకే అనుకూలించును; వార్డుల వారీగా అయితే చిన్న వర్గముల సభ్యులు కలిసి ఒకని నిలుపుకొనవచ్చును. ఈ వాదములో బలమున్నది.

పట్టణమున కూడ ఇదే తగవు. పురపాలక సంఘపు అధ్యక్షులను 2000వ సంవత్సరపు ఎన్నికలలో ప్రజలు నేరుగా ఎన్నుకొనిరి. 2005లో ఆ హక్కు కౌన్సిలర్లకు పోయెను. నేటికిని తెలంగాణములో అదియే పద్ధతి. 2021 ఏప్రిల్ 30న మన సిద్దిపేట పట్టణమున 43 వార్డులకు పోలింగు జరిగినది. అధ్యక్ష పదవికి ప్రజలు వేసిన ఓటు ఒక్కటియు లేదు. పైగా శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు మొదలగువారు పదవీరీత్యా సభ్యులై అధ్యక్షుని ఎన్నికలో ఓటు వేయుదురు. వార్డులలో ఇరుపక్షములును సరిసమానముగా గెలిచినచోట ఆ పదవీరీత్యా ఓటే తరాజును ఒక వైపు వంచును. ఆ పెద్దలు ప్రజల ఓటుతో గెలిచినవారే, కాదనను. కాని ప్రజలు వారికి ఓటు వేసినది చట్టములు చేయుటకు గాని పురపాలక అధ్యక్షుని నిలుపుటకు కాదు.

ఇక రాష్ట్రపతి ఎన్నిక. ఈ విషయములో తెలుగువారికి ఒక విచిత్రమైన అనుభవమున్నది. 1969 మే 3న రాష్ట్రపతి డాక్టరు జాకిర్ హుస్సేను మరణించిరి. ఆగస్టు 16న ఎన్నిక జరిగినది. పోటీలో ముఖ్యులు ముగ్గురు. అందులో ఇద్దరు తెలుగువారు: బరంపురమున పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు, అనంతపురము జిల్లా ఇల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు. మూడవవారు చింతామణి దేశముఖ్‌గారు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769 ఓట్ల విలువ వచ్చినది. గెలుపునకు కావలసినది 4,18,169. గిరిగారు అందరికంటె ముందున్నను పదహారు వేల పైచిలుకు తక్కువైనారు. అప్పుడు ఓడిపోయినవారి ఓట్లలోని రెండవ ప్రాధాన్యతలను లెక్కించిరి. చివరకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. మొదట ఎనుబది ఏడు వేలు దాటియున్న అంతరము కడపటికి పదునాలుగు వేల చిల్లరకు దిగినది. రెడ్డిగారు 1977లో పోటీ లేకయే రాష్ట్రపతి అయినారు, అది వేరు కథ.

ఇందులో గమనింపవలసినది ఒకటున్నది. ఆ ఓట్లు వేసిన శాసనసభ్యులలో అధికులను ప్రజలు ఎన్నుకొనినది 1967లో. ఆనాడు ఓటు వేసిన రైతుకు రెండేండ్ల తరువాత గిరిగారు, రెడ్డిగారు ఎదురెదురుగా నిలుతురని తెలియదు. కనుక ఆ ఎన్నిక ప్రజాభిప్రాయమని చెప్పుట కష్టము. అయినను నేను దీనిని తప్పుపట్టను. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడచువాడు. అట్టి పదవికి దేశమంతటను నేరు ఎన్నిక పెట్టితే ఆయన ప్రధానికి పోటీ అధికారి అయి కూర్చుండును. అధికారము కొలది ఎన్నిక ఉండవలెను. చెక్కుపై సంతకముచేయు చేయి ప్రజల చేతి నుండి నేరుగా రావలెను. రాజ్యాంగమును కాచుకొని కూర్చుండు పెద్ద మనిషిని ప్రతినిధులు ఎన్నుకొనిన చాలును.

ఆ ఎన్నికలో తూకము ఎట్లు వేయుదురో తెలిసికొనుట మంచిది. రాష్ట్ర జనాభాను శాసనసభ స్థానములతో భాగించి, వచ్చినదానిని మరల వేయితో భాగించవలెను. తెలంగాణ జనాభా 1,57,02,122, స్థానములు 119, ఒక్కొక్క శాసనసభ్యుని ఓటు విలువ 132. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానములు, విలువ 159. కలిసియున్న రోజులలో 148 ఉండెడిది. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. తెలంగాణలో ఇప్పుడు కోటిన్నర మందియేనా అని మీకు సందేహము కలుగవచ్చును. ఆ లెక్క 1971 జనాభాది. కుటుంబ నియంత్రణను పాటించిన రాష్ట్రములు నష్టపోకూడదని 1976లో 42వ సవరణ దానిని అక్కడనే నిలిపినది. 2001లో చేసిన 84వ సవరణ 2026 తరువాతి జనాభా లెక్కల దాక ఆ గడువును పొడిగించినది. లోక్‌సభలో మన పదిహేడు స్థానముల లెక్కయు దానితోనే ముడిపడియున్నది. ఆ ముడి విప్పినపుడు జనము పెరిగిన ఉత్తరాదికి స్థానములు పెరిగి, మాట విని సంసారము చిన్నది చేసికొన్న దక్షిణాదికి తరుగునేమోయను భయము ఇక్కడ అందరిలోను ఉన్నది. మనిషికొక ఓటు అనునది న్యాయము. చెప్పినట్లు నడచుకొన్నవానికి శిక్ష పడకూడదనునదియు న్యాయమే. ఈ రెండు న్యాయములు ఎదురెదురుగా నిలిచినవి. దీనికి సులువైన జవాబున్నదని నేను నటింపను.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ రాష్ట్రమునకు ఇన్నియని మొత్తము 538 మంది ఎన్నికదారులు. 270 వస్తే గెలుపు. రెండు మూడు విశేషములు మనకు లేనివి అక్కడ ఉన్నవి. చాలవరకు రాష్ట్రములలో ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకొన్నవానికే ఆ రాష్ట్రపు ఎన్నికదారులందరును దక్కుదురు. నేను చెప్పిన ఐదు వార్డుల లెక్క అక్కడ దేశమంతటికి పెద్దది చేసి పెట్టినట్లే. 2000వ సంవత్సరమున ఫ్లోరిడా రాష్ట్రములో 537 ఓట్ల అంతరముతో 25 మంది ఎన్నికదారులును బుష్ పక్షమునకు పోయిరి; దేశమంతటి ఓట్లలో ఐదు లక్షలకు పైగా ఎక్కువ తెచ్చుకొన్న అల్ గోర్ ఓడెను. 2016లో హిల్లరీ క్లింటనుకు ఇరువది ఎనిమిది లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినను ట్రంపు గెలిచెను. 1876, 1888లలో కూడ ఇట్లే జరిగినది. రెండవ విశేషము: చిన్న రాష్ట్రమునకు సైతము ముగ్గురికి తక్కువ కాకుండ ఎన్నికదారులుందురు. కావున వయోమింగు రాష్ట్రములో సుమారు రెండు లక్షల జనమునకు ఒకరు, కాలిఫోర్నియాలో ఏడు లక్షలకు మించిన జనమునకు ఒకరు. మన సిక్కిం శాసనసభ్యునికి ఏడే విలువ యిచ్చిన మన తూకము ఈ విషయములో వారిదానికంటె మేలైనది. మనవాడు ఏ పక్షమునకైన ఓటు వేసికొనవచ్చును గాని రాష్ట్రమంతటిని మూటగట్టి ఒకరికే అప్పగించుట మనకు లేదు.

అక్కడివారు ఈ పద్ధతిని ఎందుకు మార్చుకొనరని అడుగవచ్చును. రాజ్యాంగ సవరణకు నాలుగింట మూడు వంతుల రాష్ట్రముల అంగీకారము కావలెను. తమకు లాభమైన తరాజును చిన్న రాష్ట్రములు ఎందుకు విరుచుకొనును?

మన ఇంటి సంగతి ఇంకొకటి మిగిలినది. తెలంగాణ శాసనమండలిలోని నలుబది స్థానములలో పదునాలుగింటిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకొందురు. ఎంపీటీసీకి ఓటున్నది, జడ్పీటీసీకి ఉన్నది, పట్టణ కౌన్సిలరుకు ఉన్నది. ఊరంతయు ఓటు వేసి నిలుపుకొన్న సర్పంచికి లేదు. మన పల్లెకు పెద్ద ఎవరని అడిగితే పసిపిల్లవాడైనను సర్పంచినే చూపును. మండలి ఎన్నిక వచ్చినప్పుడు ఆయన గడప బయట నిలుచుండును.

గ్రంథాలయ సభలో గ్రంథాలయము మాట రాకుంటే బాగుండదు. మీరు కట్టు ఇంటి పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. ఆ సంస్థ అధ్యక్షుని మీరు నేరుగా ఎన్నుకొనరు, మెట్ల మీదుగా కూడ ఎన్నుకొనరు. ప్రభుత్వమే నియమించును. మెట్ల ఓటు మంచిదా, నేరు ఓటు మంచిదా అని మనము వాదించుకొనుచుండగా, ఏ ఓటును లేని పద్ధతి మన పుస్తకముల బీరువా వెనుకనే ఉన్నదని చెప్పుటకే ఈ మాట తెచ్చితిని. నిజాం కాలమున 1939లో ప్రకటించిన సంస్కరణలు కూడ ఓటును అందరికిని ఈయక, జాగీర్దారులు, వర్తకులు మొదలైన వృత్తుల వారీగా ప్రాతినిధ్యము పంచజూచినవి. ఆడ, మగ భేదము లేక వయసు వచ్చిన ప్రతివారును ఓటు వేసినది ఈ గడ్డపై 1952లోనే. జోగిపేటలో 1930లో మొదటి ఆంధ్రమహాసభ జరిపినవారు అప్పటికి ఇరువది రెండేండ్లు వేచియుండిరి.

కడపట ఒక ఉపయోగకరమైన సంగతి చెప్పి కూర్చుందును. ఎంపీపీని, జిల్లా పరిషత్తు చైర్మనును మరల నేరుగా ఎన్నుకొనవలెనన్న మన శాసనసభ ఒక్కటి తలచిన చాలదు. 73వ సవరణ అడ్డము వచ్చును, పార్లమెంటు కదలవలెను. పురపాలక అధ్యక్షుని మాట అట్లు కాదు. ఆ పద్ధతిని రాజ్యాంగము రాష్ట్ర చట్టమునకే విడిచినది. శాసనసభ కోరిన వచ్చే ఎన్నికకే మార్చవచ్చును. ఉపసర్పంచి సంతకము సంగతియు రాష్ట్ర చట్టము చేతిలోనిదే. కనుక సంతకములు సేకరించి అర్జీ పెట్టదలచిన యువకులు ఏ అర్జీ హైదరాబాదుకు పంపవలెనో, ఏది ఢిల్లీకి పంపవలెనో ముందు తేల్చుకొనుడు. పంచాయతీరాజ్ చట్టపు తెలుగు ప్రతిని ఈ దినముననే కార్యదర్శిగారికి ఇచ్చుచున్నాను. దానిని ఇంటికి ఈయక పఠన మందిరములోనే ఉంచవలెనని నా కోరిక. ఇక మీరు అడుగదలచినది అడుగవచ్చును.